పై పొర రంగు

తెలుగులో ‘తెల్ల గులాబి’ అనడంలో ఒక చిన్న తిరకాసు ఉంది. గులాబి రంగు అంటే మనకి ఒకటే రంగు. చీరల కొట్లో గులాబి రంగు చూపించమంటే, ఏ గులాబి అని ఎవరూ ఎదురు అడగరు. పువ్వు పేరే రంగు పేరైపోయాక తెల్ల గులాబి, పసుపు గులాబి అనే మాటలు తమలో తామే గొడవ పడుతుంటాయి. పైగా ఆ పేరు మనది కూడా కాదు. పార్సీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. పన్నీరు పేరు పువ్వుకి వచ్చింది. మన రెండో మాట రోజా పోర్చుగీసుతో వచ్చింది. రెండు వలస మాటలతో పిలుచుకుంటున్న పువ్వుకి కూడా ‘అసలు రంగు’ ఒకటుందని, మిగతావి దానికి తగిలించుకునే విశేషణాలని మన భాష తేల్చేసింది.

ఈ ‘అసలు’ ఎవరు తేలుస్తారు, ‘మార్పు’ ఎవరి పేరున నమోదవుతుంది అన్న ప్రశ్నకి పాత టీ గులాబీల చరిత్ర మంచి పాఠ్యం. పాఠ్యం అని ఊరికే అనడం లేదు. గులాబీల వంశావళి పట్టికల్ని సాహిత్యంలాగే చదవొచ్చు. వాటికి కథనం ఉంది, పాత్రలున్నాయి, చెప్పకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. అక్కడ నేర్చుకున్న చదువుని తర్వాత అరకు కొండల దాకా తీసుకెళ్ళాలని ఉంది.

టీ గులాబీలు అంటే తేయాకు తోటల్లో పూసేవని కాదు. వీటి వాసన తాజా తేయాకు వాసనలా ఉందని యూరప్ వాళ్ళు అలా పిలిచారు. 1809లో హ్యూమ్స్ బ్లష్, 1824లో పార్క్స్ యెల్లో అనే రెండు రకాలు చైనా నుంచి ఇంగ్లండుకి చేరాయి. అక్కణ్ణుంచి ఫ్రాన్సు నర్సరీల చేతుల్లో వందల రకాలయ్యాయి. చలికి తట్టుకోలేవు, ఎండని ఇష్టపడతాయి, ఏడాది పొడుగునా పూస్తాయి, మెడ వంచి వేలాడతాయి. చల్లటి దేశాల్లో వీటిని గాజు ఇళ్ళలో పెట్టి పెంచారు.

అలా పెంచుతున్నప్పుడు అప్పుడప్పుడూ ఒక సంగతి జరిగేది. మొక్కంతా పింక్ పువ్వులు పూస్తుంటే ఒక్క కొమ్మ మాత్రం తెల్లగా పూస్తుంది. విత్తనం వల్ల వచ్చింది కాదు, సంకరం చేసింది కాదు. అదే వేరు, అదే కాండం. ఎక్కడో ఒక మొగ్గలో ఒక కణం పొరపాటున మారింది, ఆ కణం నుంచి పెరిగిన కొమ్మంతా మారిన రంగుతో వచ్చింది. ఆ కొమ్మని కోసి అంటు కడితే కొత్త రకం తయారు. దీన్నే తోటమాలులు స్పోర్ట్ అంటారు, ప్రకృతి చేసిన ఆట అనే అర్థంలో. మనం మొగ్గ మార్పు అనుకోవచ్చు. డార్విన్ 1868లో పెంపుడు మొక్కలు, జంతువుల్లో వచ్చే మార్పుల మీద వేసిన పుస్తకంలో ఇలాంటి మొగ్గ మార్పులకి ఒక అధ్యాయమే కేటాయించాడు. తల్లీతండ్రీ లేకుండా వచ్చే కొత్తదనం ఆయన్ని కూడా ఇబ్బంది పెట్టింది మరి.

ఇప్పుడు పట్టిక చదువుదాం. కేథరిన్ మెర్మే, 1869, ఫ్రాన్సు, గియో నర్సరీ, లేత పింక్. దాని కింద ద బ్రైడ్, 1885, తెలుపు, న్యూజెర్సీలో మే అనే వ్యాపారి విడుదల, కేథరిన్ మెర్మే స్పోర్ట్. ఆ కిందే బ్రైడ్స్‌మెయిడ్, 1892, ఇంకా ముదురు పింక్, మళ్ళీ న్యూజెర్సీయే, మూర్ అనే మరో వ్యాపారి, మళ్ళీ కేథరిన్ మెర్మే స్పోర్టే. ఒకే మొక్కకి ఒక పెళ్ళికూతురు, ఒక తోడిపెళ్ళికూతురు. పేర్లు పెట్టింది పెళ్ళిళ్ళ మార్కెట్‌ని చూసి. 1890లలో అమెరికా పూల అంగళ్ళని ఈ అక్కచెల్లెళ్ళు ఏలారు.

న్యూజెర్సీలోనే ఎందుకు? కారణం సాదా. కోసి అమ్మే పువ్వుల కోసం అక్కడి గాజు ఇళ్ళలో ఒకే రకాన్ని గుంపులు గుంపులుగా పెంచారు. అన్నీ ఒకే మొక్క నకళ్ళు. మొగ్గలు ఎన్ని ఎక్కువైతే పొరపాట్లు అన్ని ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, రోజూ ఆ వరసల మధ్య తిరిగి మొగ్గలు గిల్లి, పువ్వులు కోసే కూలీల చేతులూ కళ్ళూ అక్కడ ఎక్కువ. వేల పింక్ పువ్వుల మధ్య ఒక తెల్ల పువ్వుని మొదట చూసేది సహజంగా వాళ్ళే. పట్టికలో రకం పేరుకి గడి ఉంది, ఏడాదికి ఉంది, మార్కెట్లోకి తెచ్చిన యజమానికి ఉంది, తల్లి మొక్కకి ఉంది. చూసినవాళ్ళకి గడి లేదు.

ఇంకొన్ని వరసలు చూడండి. మమా కొషే అనే పింక్ గులాబీకి తెల్ల స్పోర్ట్ వచ్చింది. బాల్టిమోర్‌లో జాన్ కుక్ 1896లో విడుదల చేశాడు. పేరు వైట్ మమా కొషే. సొంత పేరు కూడా లేదు, తల్లి పేరుకి ముందు ‘తెల్ల’ తగిలించారు, మన తెల్ల గులాబి లాగే. డచెస్ ద బ్రబాంట్‌కి వచ్చిన తెల్ల స్పోర్ట్ 1880లో మదామ్ జోసెఫ్ ష్వార్ట్జ్ అయింది. నర్సరీ యజమాని జోసెఫ్ ష్వార్ట్జ్, పువ్వు ఆయన భార్య. ఆయన పోయాక నర్సరీని నడిపిందీ కొత్త రకాలు తెచ్చిందీ ఆమే. 1888లో మదామ్ ఇజాక్ పెరేర్ అనే ముదురు రంగు బూర్బన్ గులాబీకి వచ్చిన లేత రంగు స్పోర్ట్‌ని మార్కెట్లోకి తెచ్చింది కూడా ఆమే. ఆ పట్టికలో ఆమె పేరు ‘వవ్ ష్వార్ట్జ్’ అని ఉంటుంది. వవ్ అంటే ఫ్రెంచిలో విధవ. పువ్వుగా ఉన్నప్పుడు ఫలానా వాడి భార్య, పనిచేసినప్పుడు ఫలానా వాడి విధవ. టీ గులాబీల జాబితా అంతా దొరసానుల పేర్లతో నిండి ఉంటుంది కదా అని మురిసిపోయే వాళ్ళు ఈ ఒక్క వరస చదివితే చాలు.

ఈ పట్టికలు మాత్రమే చదివితే కొత్తదనం అంటే ఒక యజమాని చేసిన పని అనిపిస్తుంది. వృక్షశాస్త్రం చెప్పే కథ వేరేగా ఉంటుంది, నాకు అది ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

మొక్క చిగురు కొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. అన్నిటికన్నా పై పొర మొక్క చర్మం అవుతుంది. రెండో పొర నుంచి పుప్పొడి, విత్తనాలు వస్తాయి. గులాబి రేకులో రంగు ప్రధానంగా చర్మంలోనే ఉంటుంది. కాబట్టి రంగు మారాలంటే పై పొర మారితే చాలు. చాలా స్పోర్ట్‌లు అలాంటివే. బయటికి తెల్లగా కనిపిస్తున్న మొక్క లోపలి పొరల్లో ఇంకా పింకే. దాని పుప్పొడితో సంకరం చేస్తే పిల్లలకి పాత రంగు జన్యువులే వెళ్తాయి. ఒక్కోసారి లోపలి పొర కణం పైకి తోసుకొచ్చి తెల్ల మొక్క మీద మళ్ళీ పింక్ కొమ్మ వేస్తుంది. తోటమాలులు దాన్ని వెనక్కి తిరగడం అంటారు. తెల్ల రకం తెల్లగానే ఉండాలంటే ఆ కొమ్మని ఎవరో ఒకరు చూసి కత్తిరిస్తూ ఉండాలి.

ఇంకో సంగతి. పింక్ నుంచి తెలుపు రావడం తేలిక. రంగు తయారుచేసే వరస క్రమంలో ఒక మెట్టు పని ఆపేస్తే చాలు. ద బ్రైడ్, వైట్ మమా కొషే, మదామ్ జోసెఫ్ ష్వార్ట్జ్ అన్నీ ఆ దారిలో వచ్చినవే. లోకం కొత్త రంగు అని చప్పట్లు కొట్టిన చోట మొక్కలో జరిగింది ఒక పని ఆగిపోవడం.

మరి ఈ కథలో మనవాళ్ళు ఎక్కడ? టీ గులాబీల అడవి తల్లి రోజా జైగాంటియా మణిపూర్, బర్మా, యునాన్ కొండలది. 1880లలో జార్జ్ వాట్ మణిపూర్‌లో, జనరల్ కొలెట్ బర్మా షాన్ కొండల్లో దాన్ని సేకరించి వృక్షశాస్త్రం రికార్డులోకి ఎక్కించారు. అంటే అప్పటికి యూరప్‌లో డెబ్భై ఏళ్ళుగా దాని పిల్లల్ని పెంచుతున్నారు, తల్లిని చూసినవాళ్ళు లేరు. కొండల్లో ఉన్నవాళ్ళు ఎప్పట్నుంచో చూస్తూనే ఉన్నారనుకోండి, వాళ్ళకి పట్టికలో గడి లేదని ముందే అనుకున్నాం.

ఆ తల్లి దగ్గరికి మళ్ళీ వెళ్ళిన మనిషికి తెలుగు నేలతో సంబంధం ఉంది. ఎం.ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి. ముందుగానే పదవీ విరమణ తీసుకుని కొడైకెనాల్‌లో స్థిరపడి, భార్య గిరిజతో కలిసి గులాబీల మీద పనిచేశారు. చలిదేశాల వాళ్ళు చలిదేశాల కోసం తయారుచేసిన గులాబీలు మన ఎండల్లో ఎందుకు అవస్థ పడాలి, మన వేడికి పుట్టిన అడవి జాతుల నుంచే మన గులాబీలు ఎందుకు తయారవకూడదు అన్నది ఆయన వాదన. రోజా జైగాంటియా నుంచి ఆయన తయారుచేసిన ఒక రకం పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. హైదరాబాదులో సరోజినీ నాయుడు ఇంటి పేరు, 1905లో వచ్చిన ఆమె కవితా సంపుటి పేరు. ఇది స్పోర్ట్ కాదు, సంకరం. అయినా ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. రంగు మార్చి కొత్త పేరు పెట్టడం పై పొర పని. ఏ నేల కోసం, ఏ వేరు నుంచి అని అడగడం లోపలి పొర పని. వీరరాఘవన్ దంపతులు రెండో ప్రశ్న అడిగారు.

మన నర్సరీల్లో పరిస్థితి దీనికి తలకిందులు. కడియం వెళ్ళి గులాబి అంటు కొనేటప్పుడు మనం పేరు అడగం, రంగు అడుగుతాం. ఎరుపు, పసుపు, రెండు రంగులది, సెంటు గులాబి. యూరప్ పట్టిక పేర్లతో కిక్కిరిసి ఉంటే మన బండి మీద పేర్లే లేవు. ఇందులో ఒక ప్రజాస్వామ్యం ఉందని మురవొచ్చు కానీ నాకు నమ్మకం లేదు. పేరు లేకపోతే యజమాని పెత్తనం ఉండదు, నిజమే. కానీ ఆ మొక్క ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు కాపాడారు అన్నదీ పోతుంది. ఎక్కువ పేరు, అసలు పేరే లేకపోవడం రెండూ చివరికి ఒకే మనిషిని మాయం చేస్తున్నాయి.

ఇక అరకు. పద్మాపురం గార్డెన్స్‌లో గులాబీల ముందు సెల్ఫీలు దిగని పర్యాటకులు తక్కువ. ఆ తోట 1942లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైంది. కూరగాయల మడి పూలతోట అయింది. అరకు గురించి మన ఊహ కూడా ఆ తోటలాగే మారింది. చలికాలం వలిసె పూల పసుపు, రైలు సొరంగాలు, వెదురు బొంగులో చికెన్, కాఫీ. అన్నీ రంగులే, అన్నీ పై పొరే.

కాఫీనే తీసుకుందాం, ఎందుకంటే అరకు కాఫీ చరిత్ర కూడా సగం స్పోర్ట్‌ల చరిత్రే. బూర్బన్ అనే అరబికా రకంలో సహజంగా వచ్చిన ఒక పొట్టి మార్పుని 1915-18 మధ్య బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్‌లో గుర్తించారు. దాని పేరు కతుర్రా. దాన్ని టిమోర్ దీవిలో దొరికిన ఒక సహజ సంకరంతో కలిపితే కటిమోర్ వచ్చింది. అందులోంచి ఎంచిన ఒక రకం మన దేశంలో కావేరి పేరుతో 1980లలో విడుదలైంది. మన్యం కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల కింద పెరిగే కాఫీలో అదీ ఒకటి. పేరు దక్షిణాది నదిది, రక్తం బ్రెజిల్‌లోని ఒక పొరపాటుది, వేళ్ళు తూర్పు కనుమల్లో. దీన్ని ‘అచ్చమైన అరకు రుచి’ అని అమ్ముతున్నప్పుడు అచ్చం అనే మాటకి ఏం అర్థం? నాకైతే ఉంది. ఆ అర్థం మొక్కలో లేదు. ఏ వాలులో నాటాలో, ఏ నీడ ఎంత ఉంచాలో, ఏ పండు ఇవాళ కోయాలో, ఏది రేపటికి వదలాలో తెలిసిన కొండదొర, బగత, పోర్జ, గదబ, ఖోండు కుటుంబాల రోజువారీ చూపులో ఉంది.

2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది కాఫీ బోర్డు. మంచిదే. ఊరి పేరు కాఫీకి చట్టబద్ధంగా దక్కింది. కానీ ఆ పేరు మోసే ప్యాకెట్ మీద ఎవరి మాటలున్నాయో చూడండి. చాక్లెట్, నిమ్మజాతి పండ్లు, పూల పరిమళం. వాసనలకి ఎవరి నాలుక కొలబద్ద అయిందో తెలుస్తూనే ఉంటుంది. ద బ్రైడ్ అని పేరు పెట్టిన మార్కెటే ఇక్కడా పేరు పెడుతోంది.

చట్టం మాత్రం ఒక విషయంలో గులాబీల పట్టిక కన్నా తెలివైనది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, ఉన్న రకంలోంచి సహజంగా వచ్చిన మార్పుని ఎంచి తయారుచేసినదాన్ని మూలరకం నుంచి పుట్టిన రకంగానే చూస్తుంది. అంటే మన స్పోర్టే. ఆ మూలరకం రైతులు కాపాడుకున్నదైతే, వాళ్ళ ఒప్పుకోలు లేకుండా కుదరదంటుంది. తల్లి మొక్కకే కాక, తల్లిని చూసుకున్నవాళ్ళకి కూడా గడి పెట్టిన పట్టిక ఇది. చిక్కు ఎక్కడంటే, ఆ గడి నిండాలంటే ఎవరు కాపాడారో ఎక్కడో రాసి ఉండాలి. సామలు, చోళ్ళు, కొర్రలు, కందుల్లో కొండ మీది ఆడవాళ్ళు ఏటా ఏ కంకి దాచారో, ఎందుకు దాచారో ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో నోటి మాటగానే ఉంది. రాయడం దగ్గరే ఇది సాహిత్యం వాళ్ళ పని అవుతుంది.

అరకు నేపథ్యంగా వచ్చే మన కథల్ని, ప్రయాణ వ్యాసాల్ని నేను ఈ పొరల లెక్కతోనే చదువుతున్నాను. చాలావాటిలో మార్పు చర్మం మీదే. పట్నం కథ అదే, ప్రేమ అదే, ఒంటరితనం అదే, వెనక తెర మాత్రం పొగమంచు. ధింసా ఒక రంగు, వలిసె ఒక రంగు. ఆ కథలోంచి విత్తనం తీసి నాటితే మళ్ళీ పట్నమే మొలుస్తుంది. ఇలా రాయకూడదని కాదు. తెల్ల స్పోర్ట్ కూడా అందమైన పువ్వే. దాన్ని కొత్త జాతి అని పిలిచినప్పుడే పేచీ. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ లాంటి పుస్తకాలు లోపలి పొర మాట్లాడితే ఎలా ఉంటుందో చూపించాయి. అక్కడ కొండ నేపథ్యం కాదు, వ్యాకరణం. అలాంటి పుస్తకాలకి ‘ఆదివాసీ కథలు’ అని, మిగతావాటికి వట్టి ‘కథలు’ అని మనం పెట్టుకున్న పేర్లు కూడా వైట్ మమా కొషే పద్ధతే. ఒకదానికి పేరు, ఇంకోదానికి విశేషణం.

ఈ విమర్శ నాకూ తగులుతుంది. గులాబీల పట్టికలో కూలీ పేరు లేదని అనుకుంటూనే నేనూ మే, మూర్, కుక్ అనే పేర్లే రాయగలిగాను. పాఠ్యం ఇవ్వనిదాన్ని విమర్శకుడు కల్పించలేడు. ఖాళీ గడి ఎక్కడుందో చూపించగలడు, అంతే.

పేరు పెట్టడానికి మెరుగైన పద్ధతులు లేకపోలేదు. బెర్ముడా దీవిలో పాత తోటల్లో పేరు పోగొట్టుకుని బతుకుతున్న గులాబీలు దొరికినప్పుడు, అక్కడివాళ్ళు ఊహించిన దొరసాని పేర్లు అంటించలేదు. ఎక్కడ దొరికితే ఆ చోటు పేరో, ఎవరింట్లో బతికితే ఆ ఇంటి పేరో పెట్టుకున్నారు. వాటిలో స్మిత్స్ పారిష్ అనేది ఒకటి. ఒకే చెట్టు మీద తెల్ల పువ్వు, ఎర్ర చారల పువ్వు, అప్పుడప్పుడూ పూర్తి ఎర్ర పువ్వు పూస్తుంది. రాబర్ట్ ఫార్చ్యూన్ 1840లలో చైనా నుంచి పంపిన ఐదు రంగుల గులాబి ఇదేనని గుర్తించినవాళ్ళున్నారు. అయినా ఆ దీవిలో దాని పేరు ఆ పేటదే. ఆస్ట్రేలియాలో ఆరుగురు మహిళలు కలిసి 2008లో టీ గులాబీల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. పాత తోటల్లో బతికి ఉన్న మొక్కల్ని ఏళ్ళ తరబడి గమనించి, పాత కేటలాగుల్లోని మాటలతో పోల్చి చూడటం వాళ్ళ పని. కాఫీలోనూ ఇలాంటిదుంది. పండు ఎర్రబడకుండా పసుపుగా పండే మార్పుని 1871లో బ్రెజిల్‌లోని బోటుకటులో చూశారు. దాని పేరు బోటుకటు పసుపు. రంగు, ఊరు. ఊరి పేరు చూసినవాళ్ళ పేరుకి సాటి రాదు, కానీ వెతుక్కుంటూ వెళ్ళడానికి ఒక చిరునామా ఇస్తుంది.

మన్యంలో పంట చేతికొచ్చినప్పుడు చేసుకునే పండగల పేర్లు కొర్రకొత్త, కందికొత్త. అక్కడ కొత్త అంటే ఇంతవరకూ లేనిది అని కాదు. నిరుటి విత్తనమే, ఈ ఏడు మళ్ళీ తినడానికి వచ్చింది అని. మధ్యలో ఎవరో దాన్ని ఎంచి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచారు అని. మన వ్యాసాల్లో, సమీక్షల్లో ‘కొత్త గొంతు’, ‘కొత్త రంగు’ అని ఇష్టంగా వాడే మాటని ఒకసారి ఆ అర్థంలో వాడి చూస్తే, ఎవరు రాశారు అన్న ప్రశ్న పక్కన ఎవరు దాచారు అన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంటుంది. అది వచ్చాకే ఆ ఖాళీ గడి నింపడం మొదలవుతుంది.